చెర్రీ పూలు రాలాక టోక్యోలో చూడాల్సింది ఇదే!

టోక్యో అనగానే అందరికీ చెర్రీ పూలే గుర్తొస్తాయి. అవేమో వారం పది రోజులు మురిపించి రాలిపోతాయి. రీల్స్ తీసేవాళ్లూ మాయమవుతారు. అజేలియాల సందడి మొదలయ్యేది అప్పుడే.

ఏప్రిల్ మధ్యలో చియోదా లైన్ మెట్రో ఎక్కి నెజు స్టేషన్‌లో దిగండి. కాసేపు నడిస్తే 1706లో కట్టిన నెజు షింటో గుడి వస్తుంది. పక్కనున్న వాలు మీద దాదాపు 100 రకాల అజేలియాలు, సుమారు 3,000 మొక్కలు ఉంటాయి. జపాన్ వాళ్లు వీటిని 'త్సుత్సుజి' అంటారు. గుండ్రంగా కత్తిరించిన పొదలు. నిండా పూస్తే ఆకు కనిపించదు. తెలుపు, గులాబీ, ఎరుపు బంతులు దొర్లించినట్టుంటుంది.

ఏడాదంతా ఆకులుండే పొట్టి రకాలకు పేరుపడ్డ ఊరు క్యూషు దీవిలోని కురుమే. 1918లో ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల అన్వేషకుడు అక్కడికెళ్లి, 50 రకాలు ఎంచి అమెరికాలోని ఆర్నాల్డ్ అర్బొరేటమ్‌కు పంపించాడు. వాటిని ఇప్పటికీ 'విల్సన్ ఫిఫ్టీ' అంటారు.

ఇన్ని పూలు పూయడానికి అసలు కిటుకు కత్తెర వేసే టైమింగ్. పూలు వాడగానే కత్తిరించాలి. వేసవిలోనే వచ్చే ఏటి మొగ్గలు కడతాయి కాబట్టి, ఆలస్యంగా కత్తెర పెడితే ఆ పూలన్నీ పోయినట్టే. వేర్లు దారాల్లా సన్నగా, మట్టి పైపొరలోనే ఉంటాయి. అందుకే మొదట్లో తవ్వకూడదు, ఎండుటాకులో చెక్క పొట్టో పరవాలి. తడి ఆరకూడదు, నీళ్లు నిలవకూడదు. మట్టికి ఆమ్లగుణం ఉండాలి. సున్నం ఎక్కువైతే మొక్కకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగానే ఉండి, మిగతా ఆకు పసుపెక్కుతుంది.

వీడియో కాల్‌లో ఈ తోట చూపిస్తే, "ఒక మొక్క పట్రా నాన్నా, తొట్లో వేసుకుంటా" అంది అమ్మ. విదేశీ మొక్క మన దేశంలోకి తేవాలంటే ముందే పర్మిట్ ఉండాలి, ఆరోగ్య ధ్రువపత్రమూ కావాలి. అవి సంపాదించినా, హైదరాబాద్‌లో మా ఇంటి బోరు నీళ్లలో సున్నమే ఎక్కువ. ఆపైన మే నెల ఎండ. ఇష్టపడి తీసుకెళ్లి చంపుకోవడం ఎందుకు? మన దేశంలో చూడాలంటే డార్జిలింగ్, గ్యాంగ్‌టక్ లాంటి చల్లటి కొండ ఊళ్లున్నాయి.

"నువ్వే రా అమ్మా, టికెట్ తీస్తా" అన్నాను. "నేనొస్తే ఇక్కడ నా నందివర్ధనానికి నీళ్లెవరు పోస్తారు?" అంది. దానికి మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు.