తోలుతిత్తికి ఒక పట్టీ

మాదాపూర్‌లో మా అమ్మాయి కాపురముంటున్న అపార్టుమెంటు బాల్కనీ నుండి చూస్తే దుర్గం చెరువు ఒక మూల మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన దానిని అద్దాల మేడలు కప్పివేశాయి. ఒకప్పుడు గోల్కొండ కోటకు త్రాగునీరు ఈ చెరువు నుండే వెళ్ళేదని మా మనుమడు బడిలో విన్నాడు. కోటలో ఆ నీటిని మోసే భిస్తీ ఎలా ఉండేవాడో బొమ్మ చేసి చూపుతానని ఉపాధ్యాయురాలికి మాట ఇచ్చి వచ్చాడు. పదేళ్ళ పిల్లవాడి మాట!

ఒక ఆదివారం మేము వెళ్ళేసరికి తీగ చుట్టి, కాగితపు గుజ్జు పట్టించిన మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఎత్తు అయిదున్నర అంగుళాలు. నీటి తిత్తి కూడా తయారైంది. దానిని భుజానికి వ్రేలాడదీసే పట్టీయే కుదరడం లేదు. కరెంటు టేపు అంటిస్తే నిగనిగలాడుతూ ఎండకు జిగురు కక్కింది. కాగితపు పట్టీ భుజం మీద వంచినచోట పగిలింది. రిబ్బను అంచులు పోగులు విడిచాయి. కడకు ఇంటర్నెట్‌లో పలుచని తోలుముక్కల పొట్లం తెప్పించుకున్నాడు.

ఆ ముక్కను వెలుతురులో పెట్టి భూతద్దంతో చూశాము. పంది తోలులో రోమకూపాలు మూడేసి చొప్పున ముక్కోణంగా గుమికూడి ఉంటాయి; మేక తోలులో అలల వలె వరుసలు తీరుతాయి. ఇందులో కనిపించినవి ముక్కోణాలే. పదును చేసిన తోలు పరిశుద్ధమవుతుందన్న హదీసు ప్రసిద్ధమే గాని, మన హనఫీ పండితులు పంది తోలును దాని నుండి మినహాయించారు. చెప్పుల లోపలి అస్తరు కొనేటప్పుడు పాఠకులు కూడా ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది. పొట్లం పక్కన పెట్టించి, పిల్లవాడి చేతులు కడిగించాము.

మదరసాలో చిరిగిన కితాబులకు జిల్దు కట్టడం మాకు ముప్పై ఏళ్ళ అలవాటు. మరుసటి ఆదివారం మేకతోలు, చెక్కే కత్తి తీసుకొని వెళ్ళాము. ముందు లెక్క చూశాము. బొమ్మ మనిషిలో పన్నెండో వంతు. రెండంగుళాల అసలు పట్టీ ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లకు మించరాదు. మందం మరీ కష్టం: అసలు పట్టీ నాలుగు మిల్లీమీటర్ల దళసరి అయితే, బొమ్మది మిల్లీమీటరులో మూడో వంతు. మేము తెచ్చిన తోలు అంత పలుచగా లేదు, చెక్కుకోవలసిందే. తోలును గాజుపలక మీద మాంసపు వైపు పైకి వచ్చేలా పరచి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, గీకినట్లుగా పొరలు తీయాలి. తొందరపడితే చిల్లు పడుతుంది. రెండు పడ్డాయి కూడా. తరువాత తోలును తడిపి బొమ్మ భుజం మీద వంచి ఆరనిచ్చాము. ఆరిన తోలు ఆ వంపును విడువదు. మైదా జిగురుతో అంటించాము. టెలిఫోను వైరులోని రాగి తీగను మేకు చుట్టూ తిప్పి మనుమడే బకిల్ చేశాడు. మా చేతికి అంత సన్నపని రాదు.

"నానా, ముఖం పెట్టకూడదా?" అన్నాడు అకస్మాత్తుగా.

వంటింటి గుమ్మంలో మా అమ్మాయి ఆగింది.

ఆమెకు ఏడేళ్ళప్పుడు నుమాయిష్‌లో వాళ్ళ మామ నిర్మల్ కొయ్యగుర్రం కొనిచ్చాడు. పాత గుడ్డపీలికలతో దానికి ఆమె జీను, కళ్ళెం కుట్టుకున్నది. మేము అప్పుడు బోధనలో అడుగుపెట్టిన కొత్తలో ఉన్నాము, నేర్చిన ప్రతి ఆదేశాన్ని ఇంట్లోనే ముందు అమలుపరచాలన్న ఉద్రేకం. గుర్రాన్ని పొయ్యిలో వేశాము. కళ్ళెం మాత్రం విప్పి ఇమ్మని అడిగింది. విప్పలేదు.

హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డపీలికల రెక్కలున్న గుర్రం ఉండేదనీ, గాలికి తెర తొలగినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అదేమిటని అడిగారనీ, సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవి కదా అని ఆమె బదులు చెప్పగా దవడపళ్ళు కనిపించేలా నవ్వారనీ అబూ దావూద్‌లో ఉన్నది. ఆ హదీసు మాకు అప్పుడూ కంఠస్థమే. ఆ అనుమతి తరువాత రద్దయిందన్న పండితుల మాటను పట్టుకున్నాము. పిల్లల ఆటవస్తువులకు అది నిలిచే ఉందన్న పండితుల మాటను పక్కన పెట్టాము. ప్రాణుల రూపాల విషయంలో హెచ్చరికలు తీవ్రమైనవే, వాటిని తేలిక చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఆనాడు మేము వెదికింది ఆదేశాన్నా, మా పట్టుదలకు సాక్ష్యాన్నా అని ఈ మధ్య తరచు ప్రశ్నించుకుంటున్నాము.

మనుమడికి రెండు అభిప్రాయాలూ విడమరచి చెప్పాము. వాడు కొంతసేపు ఆలోచించాడు. తిత్తి బరువుకు తల వంగి ఉంది గనుక ముఖం ఎలాగూ కనిపించదు, వద్దులే అన్నాడు.

మా అమ్మాయి చాయ్ తెచ్చి పెట్టి, గాజుపలక మీద మిగిలిన తోలుపేలికను వేలితో కొలిచింది.

"కళ్ళేనికి సరిపోతుందా, అబ్బా?"

గుర్రమేదని మేము అడగలేదు. సరిపోతుంది గాని ఇంకా పలుచన చేయాలని చెప్పి, కత్తి నూరడానికి రాయి తెమ్మన్నాము.