పడవ అమ్మే మనిషికి పడవ నడపడం వచ్చా?

మనవైపు బ్రోకర్ అంటే సగం తిట్టే. రెండు ఇళ్లు చూపించి ఒక నెల అద్దె జేబులో వేసుకునేవాడని మన లెక్క. ఉద్యోగం మీద ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌కి వచ్చాక ఇంకో రకం బ్రోకర్లని చూశాను. ఈ ఊరి నిండా కాలువలే. ఇళ్ల వెనకాల బోట్లు కట్టేసి ఉంటాయి. వాటిని అమ్మిపెట్టేవాళ్లని యాట్ బ్రోకర్లంటారు. కమీషన్ సాధారణంగా ధరలో పది శాతం.

లైసెన్స్ లేకుండా ఇక్కడ ఈ పని చెయ్యకూడదు. 32 అడుగులు దాటిన పాత యాట్ అమ్మాలంటే రాష్ట్ర ప్రభుత్వం వేలిముద్రలు తీసుకుంటుంది. సేల్స్‌పర్సన్ అయితే 10,000 డాలర్ల బాండ్, బ్రోకర్ అయితే 25,000. బ్రోకర్ కావాలంటే ముందు రెండేళ్లు సేల్స్‌పర్సన్‌గా చెయ్యాలి. ఇన్ని అడిగే చట్టం 'నీకు బోటు నడపడం వచ్చా?' అని మాత్రం అడగదు. అదే డబ్బు తీసుకుని ఆరుగురిని బోటులో తిప్పాలంటే, ఆ చిన్న కెప్టెన్ లైసెన్స్‌కి కోస్ట్ గార్డ్ 360 రోజుల నీటి అనుభవం చూపించమంటుంది. లక్షల డాలర్ల బోటు అమ్మేవాళ్లకి ఒక్క రోజు కూడా అక్కర్లేదన్నమాట.

ఈ తేడా ఎంతో మా టీమ్ లీడ్ వల్ల తెలిసింది. ఆయనకి అరవై దాటాయి. ఇల్లు అమ్మేసి, భార్యతో కలిసి తెరచాప బోటులోనే కాపురం పెట్టాలని కోరిక. పెట్టేది రిటైర్మెంట్ డబ్బు, పోతే మళ్లీ సంపాదించే వయసు కాదు. కారు నడిపేవాళ్లు కావాలని వారాంతాల్లో నన్నూ తీసుకెళ్లేవారు.

మొదట కలిసిన బ్రోకర్ కుర్రాడు చక్కగా మాట్లాడాడు. ఫొటోలు, వీడియోలు, బ్యాంకు లోను వివరాలు అన్నీ వేళ్ల మీద ఉన్నాయి. రెండో ఆవిడకి యాభై పైనే. పధ్నాలుగేళ్లు డెలివరీ పని చేసిందట, అంటే ఎవరో కొన్న బోటుని వాళ్ల ఊరికి సముద్రం మీద నడిపి చేర్చడం. ఆవిడ బడ్జెట్ అడగలేదు. "మీ ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయి? రాత్రి రెండింటికి ఈ నిచ్చెన దిగగలరా?" అని అడిగింది.

ఆయన మనసుపడ్డ 38 అడుగుల బోటు దగ్గరికి వెళ్లాం. ఆవిడ సోఫాలూ, వంటగదీ చూడకుండా నేరుగా ఇంజిన్ మూత తీసి చెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. "మనం రాకముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారు. ఇవాళ వద్దు, రేపు పొద్దున్నే వద్దాం" అంది. మర్నాడు చల్లటి ఇంజిన్ నాలుగోసారికి గానీ అందుకోలేదు. వెనక నీలం పొగ. నీలం పొగంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. చీకట్లో రేవులోకి మలుపు తిరుగుతుంటే ఇంజిన్ ఆగిపోయిన రాత్రులు రెండున్నాయంది, అంతే. కథ పొడిగించలేదు.

ఇంకోటి కూడా చెప్పింది. ఆ బోటు మాస్ట్ నీటిమట్టం నుంచి 58 అడుగులు. దక్షిణంగా కీస్ దీవులకి వెళ్లాలంటే లోపలి జలమార్గంలో మయామీ దగ్గర జూలియా టటిల్ వంతెన దాటాలి. దాని కింద ఎత్తు 56 అడుగులే. అంటే వెళ్లిన ప్రతిసారీ బయటికి, సముద్రంలోకి తిరిగి రావాల్సిందే. మేడమ్‌కి కెరటాలంటే వాంతులు. వెబ్‌సైట్‌లో మాస్ట్ ఎత్తు రాసే ఉంది. ఆ అంకెని వంతెనతో కలిపి చదవాలంటే ఆ దారిలో ఒకసారి తిరిగి ఉండాలి.

ఆ బోటు కొనలేదు. ఆవిడకి రావాల్సిన కమీషన్ వాటా కూడా అక్కడితో పోయింది.

నడిపినవాళ్లే అమ్మడం ఈ వ్యాపారంలో పాతదే. 1929లో న్యూయార్క్‌లో మొదలైన స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్‌లో డ్రేక్ స్పార్క్‌మన్ బ్రోకర్, ఓలిన్ స్టీఫెన్స్ డిజైనర్. ఓలిన్ తను గీసిన డొరేడ్ అనే బోటుని 1931లో 23 ఏళ్ల వయసులో అట్లాంటిక్ రేసులో తనే నడిపి గెలిచాడు. బోస్టన్‌లో జాన్ ఆల్డెన్ ఇంకా నాకు నచ్చుతాడు. తన కోసమని మలబార్ పేరుతో ఒకదాని తర్వాత ఒకటి బోట్లు కట్టించుకోవడం, నడపడం, అమ్మేయడం, మళ్లీ కొత్తది. వాటితో బెర్ముడా రేసు మూడుసార్లు గెలిచాడు. ఇంతకన్నా మంచి డెమో ఏముంటుంది?

అలాగని సముద్రం తిరిగినవాళ్లంతా నిజమే చెప్తారని కాదు. రేసులు ఆడొచ్చిన ఒక బ్రోకర్ మా లీడ్‌కి ఎంతసేపూ తేలికగా, వేగంగా పోయే బోట్లే చూపించాడు. ఈయనకేమో ఫ్రిజ్, మంచి మంచం కావాలి. ఎవరి అనుభవం వాళ్ల ఇష్టాలని కూడా వెంటేసుకొస్తుంది. అందుకే 'ఎన్నేళ్లు తిరిగారు' కన్నా 'ఏ బోట్లలో, ఏ పని మీద, పాడైతే ఎవరు బాగుచేశారు' అని అడగడం మేలు అనిపిస్తుంది నాకు. మన కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లని కూడా ఇదే అడగాలి. ఒక్కసారైనా రాత్రి మూడింటికి సర్వర్ పడిపోతే లేచారా?

నేనూ కోడింగ్ వదిలి ప్రీసేల్స్‌కి మారదామా అని ఈ మధ్య ఆలోచిస్తున్నాను. ఒడ్డుకెందుకు వచ్చారని ఆవిడని అడిగాను. భుజం అరిగింది, కూతురు స్కూల్‌కొచ్చింది అంది. జీతం లేదు, అమ్మితేనే డబ్బు. మొదటి చెక్కు రావడానికి ఎనిమిది నెలలు పట్టిందట. నా హోమ్ లోన్ ఈఎమ్ఐ గుర్తొచ్చింది.

వచ్చే శనివారం ఇంకో బోటు చూడ్డానికి వెళ్తున్నాం, 34 అడుగులది. నన్ను టార్చ్ తెచ్చుకోమంది ఆవిడ. ఇంజిన్ వెనక సందులోకి మా ముగ్గురిలో నేనొక్కడినే పడతానట.