గేటు దగ్గర ఆగిపోయిన ఆటో

కోటబొమ్మాళి నుంచి రెండు బస్సులు మారి వెళ్లాం. ఇద్దరు టీచర్లం, పదకొండు మంది పిల్లలు. ఎక్కువమంది సవర, జాతాపు పిల్లలే. తాతల ఊళ్లు కొండల మీద ఉన్నా, జనం ఫొటోలు దిగడానికి వచ్చే ఆ కొండకి వీళ్లెప్పుడూ వెళ్లలేదు. ఆ చోటు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క చోటి సంగతే అయితే ఇంత రాసేవాళ్లమూ కాదు.

బస్సు దిగి రెండు ఆటోలు మాట్లాడుకున్నాం. కొండ మొదట్లో గేటు అడ్డం వచ్చింది.

"బయటి బండ్లు పైకెళ్లకూడదు మాస్టారూ. దిగి మా బండి ఎక్కండి, మనిషికింత" అన్నాడు గేటు దగ్గరి కుర్రాడు.

మా ముందు ఆటో నడుపుతున్న అబ్బాయిది ఆ కొండ కింది ఊరే. వరసకి మాకు మేనల్లుడు. "మామా, మా ఊరి దారిలో నేను బయటోణ్ణా?" అని మమ్మల్ని అడిగాడు. గేటు కుర్రాడు తల దించుకున్నాడు. అతనూ మనవాడే, రోజు కూలికి నిలబడ్డాడు. అతని మీద మాకు కోపం లేదు.

మా పిల్లల్లో ఒకడికి కాలు సరిగా పనిచేయదు. వాడికీ, మరో ఇద్దరు చిన్నవాళ్లకీ డబ్బు కట్టి ఆ బండెక్కించాం. తక్కినవాళ్లం నడిచాం. మలుపు దగ్గర అనాసపళ్లు పెట్టుకుని ఒక అవ్వ కూర్చుంది. ఇదివరకు ఆటోలు అక్కడ ఆగేవట. గేటు బండి ఆగదు. "బండి ఆగితేనే కద బాబూ పండు అమ్ముడయ్యేది" అంది. నాలుగు పళ్లు కొన్నాం. అవ్వ బుట్టలో ఇంకా చాలా మిగిలాయి.

కట్టడి అసలే వద్దనడం లేదు. ఆ ఎత్తు రోడ్ల మీద అలవాటు లేని డ్రైవర్లు బండ్లు బోల్తా కొట్టిస్తారు, అది మాకు తెలుసు. నల్లమలలో శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు ఆపుతారు. అది పులుల అడవి. రాత్రి రోడ్డు జంతువులది అంటే చెంచు పిల్లాడికైనా అర్థమవుతుంది. ఊటీ, కొడైకెనాల్‌లకు 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఈ-పాస్ పెట్టించింది. 2025లో ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లని లెక్క కట్టారు. అక్కడి వ్యాపారులు దుకాణాలు మూసి వద్దన్నారు. అయినా అక్కడ స్థానికుల బండ్లకీ, ప్రభుత్వ బస్సులకీ ఆ లెక్క వర్తించదు. మా గేటు దగ్గర మొదట ఆగిపోయింది స్థానికుడి ఆటోయే.

ఇంకో మాట. ఇదే కొండల్లో రోడ్డు లేక గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్న ఊళ్లున్నాయి. సందర్శకుల కోసం తారు రోడ్డు వచ్చిన చోట మనవాడి బండికి గేటు పడింది.

మరి ఎవరిని అడిగి పెట్టారు? గేటుకి అంటించిన కాగితం మీద గ్రామసభ తీర్మానం మాట లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకి నోరిచ్చింది. మన రాష్ట్రంలో దానికి 2011లో నియమాలూ వచ్చాయి. కానీ శ్రీకాకుళం వైపు చాలా ఆదివాసీ గూడేలు షెడ్యూల్డు ప్రాంతం బయటే ఉండిపోయాయి. అక్కడ పెసా పేరెత్తితే, మీకు వర్తించదు అని చేతులు దులుపుకుంటారు. ఈ సంగతి పిల్లలకి పాఠంగా చెప్పాలంటే మాకే నోరు రాదు.

తిరిగొచ్చాక అర్జీ రాశాం. గేటు ఎందుకు పెట్టారో ఊరివాళ్లని కూర్చోబెట్టి చెప్పండి, రోడ్డు కోసమే అయితే ఆ ఊరి ఆటోలకే వంతులు వేయండి, నడవలేని పిల్లలనీ ముసలివాళ్లనీ ఉచితంగా తీసుకెళ్లండి, అవ్వ మలుపు దగ్గర బండి ఆపండి అని. కిందన పిల్లలు కూడా సంతకాలు పెట్టారు. తీసుకున్న గుమస్తా, "మీరు కోటబొమ్మాళి వాళ్లు కదా, ఆ ఊరితో మీకేం పని?" అన్నాడు.

మా తాత ఊరి పేరు చెప్పాం. ఆ పేరు ఎలా రాయాలో అడిగి, అర్జీ మీద రాసుకున్నాడు.