కప్పులోని కిటికీ

ఇంటికి కప్పు నీడనిస్తుంది. అయితే ఆ కప్పు పూర్తిగా మూసుకొనిపోతే ఇల్లు చీకటి కొట్టవుతుంది. ఈ చిక్కును మన పల్లెవాసులు ఏనాడో గుర్తించారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలకు ఆనుకొని ఉన్న కడప సీమలో మట్టిమిద్దెలకు గవాచి అనే ఏర్పాటు ఉండేది. మిద్దె నడుమ చిన్న రంధ్రం విడిచి, వాననీరు అందులోకి జారకుండా చుట్టూ గట్టు పోసేవారు. పగలు వెలుతురు రావడానికి, వంటవేళ పొగ పోవడానికి అదే దారి. వాన మొదలైతే ఇంటివారిలో ఒకరు మిద్దె ఎక్కి దానిపై మూత పెట్టి వచ్చేవారు. మిద్దెమీద పడిన నీరు నిలువకుండా గోడ అంచున తూములు ఉండేవి. వెలుతురు కోసం కప్పుకు రంధ్రం చేసినవాడు నీటికి కూడా ఒక దారి చూపాలన్న వివేకం ఆ కట్టడంలో ఉన్నది.

ఇదే ఆలోచన మోటారు బండికీ ఎక్కింది. కారు కప్పులో కొంతభాగాన్ని వెనుకకు జరిపి ఆకాశాన్ని చూసే ఏర్పాటు 1930ల నాటికే పాశ్చాత్య దేశాలలో కనిపించింది. మొదట అది రేకు పలకగానో, మడతపడే గుడ్డగానో ఉండేది. తరువాత అద్దం వచ్చింది. వేగం కోసం తయారైన స్పోర్ట్స్ కార్లలో ఈ ముచ్చట మరీ ఎక్కువ. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో టార్గా అనే నమూనాను చూపింది. ప్రయాణికుల తలపై ఉన్న కప్పును ఊడదీయవచ్చు. బండి బోల్తాపడినా ప్రాణాలు కాపాడేందుకు వెనుక ఒక గట్టి ఉక్కు పట్టీ మాత్రం స్థిరంగా ఉంటుంది. సిసిలీ ద్వీపంలో జరిగే టార్గా ఫ్లోరియో అనే పందెం పేరే దానికి పెట్టారు. చలిదేశాలవారికి ఎండ అపురూపం కనుక కప్పులోని ఈ కిటికీకి సన్‌రూఫ్ అని పేరు వచ్చింది. ఎండకు కొదువలేని మన దేశంలోనూ అది నేడు ఒక హోదాచిహ్నమైంది.

సన్‌రూఫ్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. దాని అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ నీటిని పూర్తిగా ఆపదు. ఆపాలని దానిని తయారుచేసినవారు ఆశించలేదు కూడా. చాలావరకు నీటిని అది పక్కకు తోసివేస్తుంది. మిగిలిన కొద్దిపాటి నీరు అద్దం కింద చుట్టూ ఉండే కాలువవంటి ట్రేలో పడుతుంది. ఆ ట్రే నాలుగు మూలలా నాలుగు సన్నని గొట్టాలుంటాయి. ముందరివి రెండు అద్దం పక్క కంబాలలోగుండా దిగి తలుపుల వద్ద, వెనుకవి రెండు వెనుక కంబాలలోగుండా దిగి చక్రాల వద్ద నీటిని నేలకు విడుస్తాయి. కాబట్టి సన్‌రూఫ్ కారుతున్నదంటే నీరు లోపలికి వచ్చిందని మాత్రమే అర్థం కాదు. వచ్చిన నీటికి బయటికి పోయే దారి మూసుకొన్నదని అర్థం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఆ దారి మూసుకొనడానికి కావలసినన్ని కారణాలున్నాయి. ఇది మెట్ట నేల. వేసవిలో ఎర్రమట్టి దుమ్ము సన్నని పిండిలా లేస్తుంది. నీడ కోసం బండిని నిలిపేది వేపచెట్టు కిందనో, చింతచెట్టు కిందనో. వేపపూత, చింతాకు అద్దం అంచుల సందులలో చేరి, దుమ్ముతో కలిసి ముద్ద కడతాయి. గొట్టాల చివర మట్టిగూళ్ళు కట్టే కందిరీగలూ ఉన్నాయి. నలభై డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్ళు పాస్తుంది. అయినా నెలల తరబడి ఏ లోపమూ కనిపించదు. ఎందుకంటే ఇక్కడ పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు. ఎండాకాలంలో చెడిన వస్తువు వాయుగుండం వచ్చిననాడు బయటపడుతుంది.

ఉదయగిరి కొండ కనుచూపుమేరలో ఉన్న ఒక పల్లెకు చెందిన యువకుని కారుకు జరిగినది ఇదే. అతడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, చిన్ననాటి కోరిక తీర్చుకొనడానికి, రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. దాని వయస్సు పదిహేనేళ్ళు దాటింది. అటువంటి సొంతవాహనం రోడ్డుపై తిరగాలంటే తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్‌ను పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడుతుండగా పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మూడు రోజులు ఎడతెగని వాన పట్టింది. నాలుగవనాడు తల్లిని ఆసుపత్రికి తీసుకొనివెళ్తుండగా, మలుపు తిరిగినప్పుడు కప్పులోని దీపం సందునుండి నీరు జలజలా ఆమె ఒడిలో పడింది. ఆమె పుట్టిల్లు బద్వేలు వైపు పల్లె. చీరె చెంగు పిండుకొంటూ, "ఇంటి గవాచి పూడ్చి ముప్పై ఏళ్ళయింది. నువ్వు కారుకు పెట్టించుకున్నావా నాయనా!" అన్నది. ఆమె నవ్వుతూనే అన్నది. కాని అతనికి నవ్వు రాలేదు. ఆ కారులో ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె సీటు కిందనే ఉన్నది. కింద పరచిన తివాచీ అప్పటికే నాని ఉన్నది. ఆ పెట్టెకు నీరు తగిలితే బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. అమ్మిన సంస్థ ఆ నమూనాను ఏనాడో నిలిపివేసింది.

నగరంలో ఒక పనిశాలవారు మొత్తం సన్‌రూఫ్ మార్చాలన్నారు. వారు చెప్పిన ధర కారు విలువలో సగానికి దగ్గరగా ఉన్నది. మరొకచోట తక్కువ ఖర్చుతో పని ముగిస్తామని అద్దం చుట్టూ సిలికాన్ గమ్ము పూసి పంపారు. రెండు వారాలు నీరు కారలేదు. రోగం కుదిరిందని అతడు సంతోషించాడు. ఒకనాడు మరచిపోయి మీట నొక్కాడు. గమ్ముకు అతుక్కొనిపోయిన అద్దం కదలలేదు. మోటారు మూలిగింది. లోపల ఏదో తెగిన చప్పుడైంది. మరుసటి వానకు నీరు మునుపటికంటె ఎక్కువగా కారింది.

చివరికి అతడు ఆత్మకూరులో నెల్లూరు-ముంబై రహదారి పక్కనున్న ఒక రేకుల షెడ్డుకు బండిని తెచ్చాడు. అక్కడి మేస్త్రి జీపులకు, లారీలకు పనిచేసి తలపండినవాడు. గుడ్డ కప్పులున్న జీపులు మెట్ట పల్లెలకు జనాన్ని చేరవేసిన కాలంలో ఆ కప్పులు కుట్టి, చట్రాలు సరిచేసినవాడు. సన్‌రూఫ్ విప్పడం తనకు ఇది రెండవసారి మాత్రమేనని దాచకుండా చెప్పాడు. సంచిలోంచి పానాలు తీయకముందే ఒక చెంబుతో నీళ్ళు అడిగాడు. గమ్మును నెమ్మదిగా గీకి, లోపలనున్న అలెన్ కీ రంధ్రం ద్వారా అద్దాన్ని చేతితో కొద్దికొద్దిగా జరిపి, ట్రే ముందు మూలలో కొంచెం నీరు పోశాడు. కింద చక్రం వద్ద ఒక్క చుక్క రాలలేదు. తక్కిన మూడు మూలలలోనూ అంతే.

"కలుజు మూసేస్తే కట్ట ఎట్ట నిలస్తది అబ్బయా? నీళ్ళు రావడం తప్పు గాదు. పోయేదానికి దారి లేకపోవడం తప్పు" అన్నాడు మేస్త్రి.

"అయితే గొట్టాలు శుభ్రం చేస్తే చాలా అన్నా?" అని యువకుడు ఆశగా అడిగాడు.

"మొదటే తెచ్చుంటే చాలేది. ఇప్పుడు లోపల చూడాల."

గొట్టాలను ఇనుప తీగతో పొడవకూడదు. గొట్టం చిల్లు పడవచ్చు, లేదా ట్రే నుండి ఊడిపోవచ్చు. గాలి యంత్రంతో గట్టిగా ఊదినా అదే ప్రమాదం. ఊడిన గొట్టం కంబం లోపల ఉండిపోతుంది కనుక కంటికి కనబడదు. మేస్త్రి గడ్డికోత యంత్రానికి వాడే నైలాన్ తీగ తెప్పించి, దాని కొనను గుండ్రంగా అరగదీసి, మెల్లగా తిప్పుతూ గొట్టాలలోకి పంపాడు. వేపాకు ఈనెలు, ఎర్రమట్టి ముద్దలు కింద రాలాయి.

ఆ తరువాత బ్యాటరీ తీగలు ఊడదీశారు. కొన్ని కార్లలో కప్పు అంచుల వెంట గాలిసంచులు ఉంటాయి. విద్యుత్తు ఉండగా అక్కడ పనిచేయడం ప్రమాదకరం. కనుక తీగలు తీసిన తరువాత కూడా కొంతసేపు ఆగారు. ఎండతెరలు, చేతి పిడులు, దీపం, కంబాలపై తొడుగులు ఒక్కొక్కటే తీశారు. ఇనుప స్క్రూడ్రైవరు తొడుగులపై గీతలు పెడుతుందని మేస్త్రి ఏదైనా చెక్క బద్ద ఉందా అని అడిగాడు. యువకుని వద్ద బెంగళూరు మిత్రులకు ఇవ్వడానికి కొన్న ఉదయగిరి చెక్క గరిటెలున్నాయి. అడవి కలపను చేతి పనిముట్లతో చెక్కి, నునుపుచేసి తయారుచేసే ఆ గరిటెలూ చెంచాలూ ఉదయగిరి పేరును దూరదేశాలకు తీసుకొనివెళ్ళాయి. ఒక గరిటె కాడ ఆనాడు పనిముట్టయింది. విప్పిన స్క్రూలను మేస్త్రి కోడిగుడ్ల అట్ట గుంటలలో వరుసగా పెట్టి, ప్రతి గుంటకూ అంకె వేశాడు. ప్రతి దశనూ సెల్‌ఫోనులో ఫోటో తీయించాడు. తెలిసిన పనికి జ్ఞాపకం చాలుననీ, తెలియని పనికి గుర్తులు కావాలనీ అతని అభిప్రాయం.

కప్పు లోపలి అట్ట దించగానే అసలు నష్టం కనిపించింది. గమ్ము నీటిని ఆపలేదు. అద్దం పక్క పగుళ్ళలోగుండా దిగిన నీటిని ఆరనీయకుండా బంధించింది. ఉక్కు ట్రే ఒక మూల తుప్పుపట్టి జల్లెడయింది. అద్దాన్ని లాగే కేబుల్ పళ్ళు అరిగి తెగాయి. ఒక గొట్టం శుభ్రపరచడంతో ముగియవలసిన పని, తొందరపాటు మరమ్మతు వలన చట్రమే మార్చవలసిన స్థితికి వచ్చింది.

కప్పుకు రేకు వేసి శాశ్వతంగా మూసివేయవచ్చునని ఒకరు సలహా ఇచ్చారు. మేస్త్రి ఒప్పుకోలేదు. వెల్డింగు వేడికి చుట్టుపక్కల రేకు వంగుతుందనీ, రంగు కింద కొత్తగా తుప్పు మొదలవుతుందనీ వివరించాడు. కొత్త చట్రం దొరకదు. పాత బండ్ల విడిభాగాలకు పేరుపొందిన చెన్నైలోని పుదుప్పేటలో వెదకగా, ప్రమాదంలో ముందుభాగం నలిగిన అదే నమూనా బండి చట్రం లభించింది. దానితోపాటు కేబుళ్ళు కూడా వచ్చాయి. అద్దం పాతదే. మోటారు పాతదే, శుభ్రం చేయగా తిరిగింది. గట్టిపడిన రబ్బరు పట్టీ మాత్రం కొత్తది వేశారు. చెడనిదానిని మార్చకపోవడం, చెడినదానిని దాచకపోవడం - ఈ రెండింటితోనే ఖర్చు సగానికి సగం తగ్గింది.

అద్దం బిగించడంలో ఓపిక కావాలి. దాని ముందు అంచు కప్పుతో సమంగానో, వెంట్రుకవాసి కిందకో ఉండాలి. వెనుక అంచు సమంగానో, రవంత పైకో ఉండాలి. ముందు అంచు పైకి లేస్తే వేగంలో గాలి కొట్టుకొని ఈల వేస్తుంది. మేస్త్రి గోటితో అంచులు తడిమి, మరలు పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆ మట్టాన్ని సాధించాడు. రబ్బరుకు ఇంజను గ్రీజు పూయలేదు. పెట్రోలియం జిడ్డుకు రబ్బరు ఉబ్బి చెడుతుంది కనుక సిలికాన్ గ్రీజు పలుచగా రాశాడు. అట్ట తిరిగి ఎక్కించక ముందే నాలుగు మూలలా చెంబుతో నీళ్ళు పోశారు. నాలుగు చోట్లా నేలపై సన్నని ధారలు పడ్డాయి. ఎలక్ట్రానిక్ పెట్టెను ఆరబెట్టి, తివాచీని రెండు రోజులు ఎండలో పరచిన తరువాతనే బండిని అప్పగించారు. ఆ నెలలోనే అది తనిఖీలో నెగ్గింది.

మరమ్మతు అంటే కనిపించిన కన్నాన్ని పూడ్చడమని లోకంలో ఒక భ్రమ ఉన్నది. వస్తువును తయారుచేసినవాడు ఏ భాగాన్ని ఎందుకు పెట్టాడో తెలుసుకొనడమే మరమ్మతుకు మొదటి మెట్టు. మెట్ట రైతులకు ఈ సూత్రం కొత్తది కాదు. చెరువుకు కట్ట ఎంత అవసరమో, నిండిన నీరు పొర్లిపోవడానికి కలుజు అంతే అవసరం. 2021 నవంబరులో పెన్నకు పెద్ద వరద వచ్చినప్పుడు సోమశిల జలాశయం గేట్లు ఎత్తి నీటిని దిగువకు విడిచారు. ఎంత గొప్ప ఆనకట్ట అయినా నీటిని నిలుపగలిగేది కొంతవరకే. విడిచే దారి సిద్ధంగా ఉన్నప్పుడే నిలిపే గోడకు బలం.

సన్‌రూఫ్ ఉన్న బండిగలవారు చేయవలసినది స్వల్పం. వేపపూత రాలిన తరువాత ఒకసారి, అక్టోబరు వానలకు ముందు ఒకసారి అద్దం తెరచి, ట్రేను మెత్తని గుడ్డతో తుడిచి, నాలుగు మూలలా కొద్దిగా నీరు పోసి, కింద నేలవంక చూడాలి. నాలుగు చోట్లా నేల తడిస్తే లోపల కూర్చున్నవారు తడవరు.