బహుమతుల పట్టికలో లేని పేరు

ప్రతి బడికీ ఏడాదికొకసారి పండుగ వస్తుంది. ఆవరణలో షామియానా వేస్తారు. మైకు పెట్టే అబ్బాయి ఉదయం నుండి "హలో, హలో" అంటూ గొంతు సవరించుకుంటూ ఉంటాడు. చంకలో చిన్నబిడ్డతో తల్లులు కుర్చీల వెనుక నిలబడి, తమ పిల్లవాడి పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవి ఒగ్గి ఉంటారు. మేము భార్యాభర్తలిద్దరం ముప్పయి ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాళ్ళం. ఇటువంటి వార్షికోత్సవాలు ఎన్ని జరిపించామో లెక్కలేదు. బహుమతుల పట్టిక వ్రాసే పని మాత్రం ఎప్పుడూ మాకే అప్పగించేవారు.

మొన్న చలికాలం చివర ధర్మవరంలోని ఒక ఉన్నత పాఠశాల నుండి ఆహ్వానం వచ్చింది. అక్కడి ప్రధానోపాధ్యాయిని ఒకప్పుడు మా దగ్గర చదువుకున్న అమ్మాయి. "పిల్లలకు మీ చేతులతో బహుమతులు ఇవ్వాలి, తప్పక రండి" అని ఫోన్ చేసింది. ఎలాగూ వెళ్తున్నాం గదా, మేము పనిచేసిన ప్రాంతాన్ని మరొకసారి కళ్ళారా చూసి వద్దామనుకొని, బెంగుళూరులోని మా అమ్మాయి ఇంటి నుండి రెండు రోజులు ముందుగానే బయలుదేరాము.

హిందూపురం

గౌరీబిదనూరు దాటిన కాసేపటికి రైలు ఆంధ్రదేశంలో ప్రవేశిస్తుంది. మొదటి పెద్ద ఊరు హిందూపురం. ఇక్కడ అంగడివాడు ఒక మాట తెలుగులోనూ ఒక మాట కన్నడంలోనూ మాట్లాడతాడు. చింతపండు, ఎండుమిరప, బెల్లం వ్యాపారానికి ఈ ఊరు పేరుపొందింది. పట్టుగూళ్ళ మార్కెట్టు కూడా ఉన్నది. చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ ఆకు కోసి పురుగులను పెంచే ఇళ్ళు ఎన్నో. మేము పనిచేసిన రోజుల్లో పురుగు కాపుకు వచ్చే సమయానికి ఆ ఇళ్ళ పిల్లలు బడికి వచ్చేవారు కాదు. "ఆకు వేసే పని ఉంది సార్" అనేవారు. అది అబద్ధం కాదు. పురుగు ఆదివారమని, పరీక్షలని ఆగదు.

ఆటో మాట్లాడుకొని పరిగి మండలంలోని కొడిగెనహళ్ళికి వెళ్ళాము. ఈ పల్లె పేరు రాష్ట్రమంతటా తెలియడానికి కారణం ఒక బడి. పి.వి. నరసింహారావుగారి ఆలోచనతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసింది. ఆ మరుసటి సంవత్సరం, 1972లో, కోస్తా జిల్లాలకు తాడికొండలోను, రాయలసీమకు కొడిగెనహళ్ళిలోను అటువంటి పాఠశాలలే పెట్టారు. ప్రవేశపరీక్షలో నెగ్గిన పల్లెపిల్లలకు తిండి, బట్ట, చదువు అన్నీ అక్కడే. ఒకే పంక్తిలో భోజనం, ఒకే గంటకు నిద్ర. కరువు జిల్లాలో పుట్టి అధికారులుగా, వైద్యులుగా, ఇంజినీర్లుగా, ఉపాధ్యాయులుగా స్థిరపడిన అనేకమందికి ఈ ఆవరణే రెండవ తల్లి ఒడి.

మేము వెళ్ళేసరికి సాయంత్రపు ఆటల గంట కొట్టారు. పెద్ద తరగతి పిల్లవాడొకడు ఆటకు వెళ్ళకుండా చెట్టు కింద ఇద్దరు చిన్నపిల్లలను కూర్చోబెట్టుకొని భిన్నాలు చెబుతున్నాడు. "మీ సార్ చెప్పమన్నారా?" అని అడిగాము. "లేదండి, నేను చిన్నప్పుడు నాకూ ఒక అన్న చెప్పినాడు" అన్నాడు. ఆ మాట మాకు ప్రయాణమంతా గుర్తుకు వస్తూనే ఉన్నది.

ఆ రాత్రి హిందూపురంలోనే బస. తెల్లవారి లేపాక్షి నందిని చూశాము. దానికి దగ్గరలోనే జవహర్ నవోదయ విద్యాలయం ఉన్నది. నవోదయలోనూ మూడు వంతుల సీట్లు పల్లెపిల్లలకే, మూడింట ఒక వంతు ఆడపిల్లలకే కేటాయించాలని నియమం. ఒకే మూలలో ఇటువంటి రెండు బడులు ఉండటం ఈ ప్రాంతపు భాగ్యం. అయితే ప్రవేశపరీక్ష వరకు రాగలిగిన పిల్లవాడికే గదా ఆ భాగ్యం!

పెనుకొండ

పెనుకొండ అంటే పెద్ద కొండ. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు హంపీని విడిచి ఇక్కడికే రాజధానిని తెచ్చుకున్నారు. గగనమహలు మెట్ల దగ్గర ఒక పల్లె బడి పిల్లలు విహారయాత్రకు వచ్చి వరుసగా కూర్చుని పులిహోర తింటున్నారు. పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే ఇద్దరు పోలీసన్నారు, ఒకమ్మాయి డాక్టరన్నది, నలుగురు మాత్రం ఒక్క గొంతుతో "కియా!" అన్నారు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కట్టిన ఆ కార్ల కర్మాగారం నుండి 2019లో కార్లు బయటకు రావడం మొదలైంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగా కురవని ఈ సీమలో, ఊరు విడిచి వలసపోకుండా పని దొరుకుతుందన్న ఆశ చిన్నది కాదు. కాని ఆ గేటు లోపలికి వెళ్ళడానికి కూడా కనీసం పదవ తరగతి, ఆపైన ఐ.టి.ఐ. గాని డిప్లొమా గాని కావాలి.

కొండ నీడలో కూర్చుని మేము పాత సంగతి ఒకటి మాట్లాడుకున్నాము. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని పల్లెబడుల లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు. ఈ తాలూకాలన్నీ బళ్ళారి జిల్లాలోనివి. తెలుగుకు వ్యాకరణం వ్రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ అక్కడ కలెక్టరు. 1823లో ఆయన పంపిన నివేదిక ప్రకారం తొమ్మిది లక్షలకు పైగా జనాభాకు బడులు 533, చదువుకునే పిల్లలు 6,641. వారిలో ఆడపిల్లలు అరవై మంది మాత్రమే.

ఆ నివేదికలో మమ్మల్ని ఆకట్టుకున్నవి రెండు విషయాలు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఆ పద్ధతినే ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. 1811లో స్థాపించిన నేషనల్ సొసైటీ ద్వారా ఇంగ్లండు, వేల్సు దేశాల పేదపిల్లల బడులలో అది పాతుకుపోయింది. కొడిగెనహళ్ళి చెట్టు కింద మేము చూసింది అదే! రెండవ విషయం దుఃఖకరమైనది. సీమ గుడ్డ దిగుమతి కావడంతో ఇక్కడి చేతిపనివారు చితికిపోయారని, ఇంటి బీదరికమే పిల్లలను బడికి దూరం చేస్తున్నదని ఆయన ఆనాడే వ్రాశాడు. రెండు వందల ఏళ్ళ కిందటి మాట అది. మేము ఉద్యోగంలో ఉన్న రోజులకు కూడా అది పాతబడలేదు.

ధర్మవరం

పెనుకొండ నుండి ధర్మవరానికి బస్సులో వెళ్తూ కొత్తచెరువు మీదుగా సాగాము. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిపారు. రెండవసారి, 2025 జూలై 10న, ముఖ్యమంత్రి, విద్యామంత్రి వచ్చి కూర్చున్నది ఈ కొత్తచెరువు బడిలోనే. మా కాలంలో తండ్రిని బడికి పిలిపించారంటే కొడుకు ఏదో తప్పు చేశాడని అర్థం. బిడ్డ ఎలా చదువుతున్నాడో వినడానికి తండ్రి వచ్చి కుర్చీలో కూర్చునే రోజు వచ్చినందుకు సంతోషించాము.

చిత్రావతి ఒడ్డున ఉన్న ధర్మవరంలో వీధిలోకి అడుగుపెడితే ముందు వినబడేది మగ్గం చప్పుడు. వెడల్పైన జరీ అంచు, బరువైన కొంగు ఇక్కడి పట్టుచీరకు గుర్తు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని ఒకరు నేస్తూ ఉంటే, కండెలు చుట్టేవారు, పడుగు సరిచేసేవారు ఇంటిల్లిపాదీ కావాలి. అందుచేతనే ఈ పనిలోకి పిల్లల చేతులు సులువుగా వచ్చి పడేవి. 1986 నాటి బాలకార్మిక చట్టం కుటుంబం నడుపుకొనే పనిశాలల జోలికి పోలేదు. ఆరు నుండి పధ్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కు అయినది 2010 ఏప్రిల్ 1 నుండి. 2016లో సవరించిన చట్టం పధ్నాలుగేళ్ళలోపు పిల్లలు బడి వేళల తరువాత, సెలవు రోజుల్లో తప్ప ఇంటి పనిలో కూడా సాయపడరాదని చెప్పింది.

మధ్యాహ్నం వార్షికోత్సవం మొదలైంది. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు పుట్టిన ఊరు గదా, పిల్లల నాటిక లేకుండా ఎలా? పరుగులో గెలిచినవారికి, చెట్లు నాటి ఏడాదంతా నీళ్ళు పోసినవారికి, పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి బహుమతులిచ్చాము. వేదిక ఎక్కినవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. క్యాంప్‌బెల్ లెక్కలోని ఆ అరవై మంది మాకు గుర్తుకు వచ్చారు.

చివరగా ప్రధానోపాధ్యాయిని మరొక పట్టిక తీసింది. "ఈ ఏడు మధ్యలో బడి మానేసి, మళ్ళీ వచ్చిన పిల్లలు" అని చెప్పి ఏడుగురి పేర్లు చదివింది. వారికి బహుమతి లేదు. తల్లిదండ్రుల కమిటీ సభ్యుడొకాయన ఒక్కొక్కరిని చేయిపట్టి వేదిక పైకి తెచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి వారిని మళ్ళీ బడికి తెచ్చినది ఆయనేనట. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన ముఖం దగ్గరగా చూసిన మేము చప్పట్లు కొట్టలేకపోయాము.

1986-87లో మేము ఈ ప్రాంతంలోని ఒక హైస్కూల్లో ఉన్నాము. ఎనిమిదవ తరగతిలో లెక్కల్లో అందరికంటె ముందున్న ఒక నేతగాని కొడుకు అర్ధసంవత్సర పరీక్షల తరువాత బడికి రాలేదు. పక్కింటి పిల్లవాడి చేత ఒకసారి కబురు పంపాము. హాజరు పట్టీలో కొన్నాళ్ళు గైర్హాజరు వేశాము. ఆ తరువాత ఎర్రసిరాతో పేరు కొట్టివేశాము. వార్షికోత్సవం నాడు లెక్కల బహుమతి రెండవ స్థానంలోని పిల్లవాడికి ఇచ్చాము. పట్టిక వ్రాసింది మేమే. ఆ కుర్రవాడి ఇల్లు బడికి పావుగంట నడక. ఒక్కరోజు కూడా మేము ఆ నడక నడవలేదు.

సభ ముగిశాక ఆయనే మా దగ్గరకు వచ్చాడు. తల నెరిసింది. "సార్, మేడం, బాగుండారా? నేను గుర్తుండానా?" అన్నాడు. గుర్తున్నావన్నాము. టీ తెప్పించాడు. పవర్‌లూమ్ చీరల పోటీని గురించి, అప్పుల గురించి, డిగ్రీ చదువుతున్న కూతురి గురించి చెప్పాడు. మాలో ఒకరం ఉండబట్టలేక, "ఆ రోజుల్లో మేము మీ ఇంటికి వచ్చి ఉండవలసింది నాయనా" అన్నాము.

ఆయన కొంచెంసేపు గ్లాసు వైపు చూశాడు. "అవును సార్. నేను ఎదురుచూసినా. మా నాయన మొండోడే గాని, అయివార్లు ఇంటికాడికొచ్చి అడిగింటే కాదనేవాడు కాదేమో" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎన్నో ఏళ్ళ క్రితం తేలిపోయిన లెక్క చెప్పినట్లు చెప్పాడు. "అందుకే ఇప్పుడు నేను పోతాండా. ఒకసారికి రారు. మూడు సార్లు, నాలుగు సార్లు పోవల్ల" అని లేచి, కుర్చీలు సర్దే పిల్లలకు సాయం చేయడానికి వెళ్ళాడు.

తిరుగు రైలులో మేము ఎక్కువ మాట్లాడుకోలేదు. పెనుకొండ దాటింది, హిందూపురం దాటింది. ముప్పయి ఏళ్ళు మేము వ్రాసిన పట్టికల్లో ఎంతమంది పేర్లు ఉన్నాయో చెప్పగలం. లేనివారు ఎందరో చెప్పలేము.

ప్రియమైన పాఠకులారా! ఇది పరీక్షల కాలం. మీ ఇంటి బిడ్డకు బహుమతి వస్తే మనసారా సంతోషించండి, ఇరుగుపొరుగుకు మిఠాయి పంచండి. ఆ మిఠాయి పంచే నాడే, మీ వీధిలో నిన్నటి వరకు పుస్తకాల సంచి తగిలించుకొని వెళ్ళి ఈ మధ్య కనబడని పిల్లవాడు ఎవడైనా ఉన్నాడేమో చూడండి. ఉంటే కబురు పంపకండి. మీరే నడిచి వెళ్ళండి. ఎంత దూరమైనా పావుగంట కంటె ఎక్కువ ఉండదు.