నూర్బుర్గ్‌రింగ్

జర్మనీ దేశంలో, ఐఫెల్ కొండల మీద, నూర్బుర్గ్ అనే పాత కోట ఉన్నది. దాని చుట్టూ అడవుల గుండా 1927లో కార్ల పందేలకు ఒక బాట వేశారు. ఒక్క చుట్టు సుమారు 23 కిలోమీటర్లు! బాట మిట్టలెక్కి, పల్లాలు దిగి, మలుపులు తిరుగుతూ చెట్ల చాటున మాయమవుతుంది. ఒక మూల వాన కురుస్తూంటే, మరొక మూల ఎండ కాస్తూ ఉంటుంది.

ఇంత పొడుగు బాటలో ప్రమాదం జరిగితే సహాయం త్వరగా అందుతుందా? అందదనీ, పందెం మానుకుందామనీ 1976లో ఆస్ట్రియా దేశీయుడు నికీ లౌడా అన్నాడు. తోటి డ్రైవర్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆగస్టు 1న అతని కారే అదుపు తప్పి, గట్టుకు కొట్టుకుని భగ్గుమన్నది!

అప్పుడు మెర్జారియో, ఎడ్వర్డ్స్, లంగర్, ఎర్ట్ల్ అనే నలుగురు డ్రైవర్లు పందెం మాట మరిచి, మంటల దగ్గరికి పరుగెత్తి, లౌడాను బయటికి లాగారు. అతను బతికాడు. ఆరు వారాలకే మళ్ళీ పందెంలో దిగాడు!

ఆ అక్టోబరులో జపానులో జోరువాన. ఈ వానలో పందెం ప్రాణాపాయమని లౌడా రెండు చుట్లకే తనంతట తాను కారు ఆపేశాడు. ఒకే ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ విజేత పదవి పోయింది. పోతే పోయిందన్నాడేగాని, విచారించలేదు.

ఆ తరువాత ఫార్ములా వన్ పందేలు ఆ పొడుగు బాటలో జరగలేదు. పక్కనే 1984లో చిన్న బాట తెరిచారు. పాత బాట మాత్రం ఈనాటికీ ఉన్నది. రుసుము చెల్లిస్తే మామూలువాళ్ళు కూడా దాని మీద తమ కారు నడపవచ్చు. కాని, నెమ్మదిగా సుమా!