అడకత్తెర

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక క్వార్టరు వరండా. కొడుకు పదవీ విరమణ చేశాడు, ఇల్లు ఖాళీ చేయాలి. పాత ఇనుము కొనేవాడు తక్కెడ పట్టుకొని కూర్చున్నాడు. చిల్లుపడిన బాల్చీ, విరిగిన కుంపటి, తుప్పుపట్టిన గొళ్ళెం ఒక్కొక్కటే తక్కెడలోకి చేరుతున్నాయి. వాటి వెనుకే చిలుక ఆకారంలో ఉన్న చిన్న వస్తువు ఒకటి పడింది. అంతవరకు మౌనంగా కూర్చున్న ఎనభై ఏళ్ళ ఇల్లాలు చటుక్కున చేయి చాచి దాన్ని తీసుకొంది.

"కత్తెరా మామ్మా?" అన్నాడు మనవడు.

"అడకత్తెర" అంది ఆమె.

వక్కను కన్నడంలో అడికె అంటారు, మలయాళంలో అడక్క అంటారు. వక్కను కత్తిరించేది గనుక అడకత్తెర. కింది రెక్క వక్కను మోస్తుంది, పై రెక్క ఖండిస్తుంది. పని ఇంత చిన్నదైనా, కమ్మరి దానికి చిలుక ముక్కు, గుర్రపు మెడ, నెమలి తోక అమర్చి మురిసిపోయేవాడు. ఇటలీలో ప్రెమానా కత్తెరలకు, మనియాగో, స్కార్పేరియా చాకులకు పేరుపొందిన ఊళ్ళు. అక్కడి పనివారి నైపుణ్యానికి ఊరి పేరే ముద్ర. మన అడకత్తెర చేసినవాడి పేరు మాత్రం అతని వీధి దాటలేదు.

అయినా మన కొలిమికి ఒకనాడు ఖండాంతర ఖ్యాతి ఉండేది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసలలో ఇనుమును గంటల తరబడి కాచి ఉక్కు తీసేవారు. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంతదూరం వచ్చేవారని 1820ల ప్రాంతంలో ఆ ఊరు చూసిన హెన్రీ వాయిసీ రాశాడు. అట్టి ఉక్కుతో చేసిన కత్తులపై నీటి అలల వంటి చారలు తేలేవి. ఉక్కు అనే దక్షిణాది మాటే ఐరోపావారి నోట 'వూట్జ్' అయిందని పండితుల అభిప్రాయం. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆ రహస్యం తెలుసుకోవాలని 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు.

అంత దూరమెందుకు? బిలాస్‌పూర్‌కు చేరువలోని మైకల్ కొండలలో అగారియాలు బంకమట్టి కొలిమి కట్టి, కాళ్ళతో తిత్తులు తొక్కి, బొగ్గుమంటలో ఇనుము కరిగించేవారు. వారి జీవితాన్ని వెరియర్ ఎల్విన్ 1942లో గ్రంథస్థం చేశాడు. అప్పటికే కర్మాగారాల చౌక ఇనుము అంగళ్ళలోకి వచ్చి వారి కొలిమిని చల్లార్చసాగింది. ఆ ఇనుమును మోసుకొచ్చింది రైలుబండి. శ్రీకాకుళం నుంచి ఈ ముసలమ్మ కుటుంబాన్ని తెచ్చి అన్నం పెట్టిందీ అదే రైలుబండి. ఒక కొలిమి ఆరితే మరొక పొయ్యి వెలిగింది. దీనిలో ఎవరిని నిందించాలి?

ఆమె 1962లో కొత్త పెళ్ళికూతురుగా ఇక్కడ దిగినప్పుడు ఈ అడకత్తెర ట్రంకుపెట్టెలో ఉంది. భర్త బొగ్గు ఇంజను మీద రాత్రి డ్యూటీ ముగించి వచ్చేసరికి వక్క కత్తిరించి ఉంచేది. ఆయన పోయిన నాటినుంచి అది తెరుచుకోలేదు. ఇప్పుడు "మన ఊరు వెళ్దాం" అంటున్నాడు కొడుకు. ఆ ఊళ్ళో ఆమెను ఎరిగినవారు లేరు. ఈ ఊళ్ళో ఆమెకు ఇల్లు లేదు. అడకత్తెరలో పోకచెక్క అన్న సామెత ఆమెకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ సాయంత్రం సైకిలు మీద సానపట్టేవాడు వచ్చాడు. మనవడే అతన్ని పిలిచాడు. అతడు మర మీద నూనె వేసి, ఆకును వేలితో మీటి చూసి, పెడల్ తొక్కాడు. నిప్పురవ్వలు లేచాయి. తుప్పు కింద తెల్లని అంచు మెరిసింది. "దీన్ని అమ్మకండి, అమ్మా! ఇలాంటి పని ఇప్పుడెవరు చేస్తారు?" అన్నాడు హిందీలో, డబ్బు తీసుకొంటూ.

ముసలమ్మ ఒక వక్క తెచ్చి రెక్కల నడుమ ఉంచింది. వేళ్ళు వణికాయి. మనవడు తన చేతిని ఆమె చేతిపై వేసి మెల్లగా నొక్కాడు. టక్కుమని వక్క రెండయింది.

నమలడానికి ఆమెకు పళ్ళు లేవు. రెండు ముక్కలూ వాడి అరచేతిలో పెట్టింది. వాడు అడకత్తెరను పాత చీరముక్కలో చుట్టి, ఇంటి సామానులో కాక, తన పుస్తకాల సంచిలో పెట్టుకొన్నాడు.